నీళ్ళు దించే వేళ

రికుబెత్సుకి వచ్చిన రోజు
కియోనో అవ్వ నాకు మొదట చూపించింది
ఊరినీ కాదు, బడినీ కాదు,
వంటింటి గోడలో ఒక ఇత్తడి మీట.
"పడుకునేముందు నీళ్ళు దించెయ్యి,"
దీపం ఆర్పెయ్యి అన్నంత మామూలుగా అంది.

నేను ఒకినావా పిల్లని.
మా దగ్గర నీళ్ళకి నిలబడటం తెలీదు.
సరేనని తలూపాను. మర్చిపోయాను.

జనవరి పదకొండు. మైనస్ ఇరవై తొమ్మిది.
నోటినిండా పేస్టు నురగతో కుళాయి తిప్పితే
దానికి పొలమారింది.
ఒక్క దగ్గు.
అంతే.

ఆవేళ నాలుగో తరగతికి నేను చెప్పాల్సిన పాఠం
నీటి మూడు రూపాలు.

గుమ్మం ముందు మంచు గిన్నెలోకి ఎత్తి
మరగబెట్టి తెస్తుంటే
అవ్వ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.
"ఫెటిల్లున పగులుతుంది.
కొయ్యబారిన మనిషిని చెంపదెబ్బ కొట్టి లేపుతావా?"

పాత తువ్వాళ్ళు చుట్టింది.
ఫ్లాస్కులోంచి గోరువెచ్చనివి
కొంచెం, ఆగి, మళ్ళీ కొంచెం.
నా చేతికి హెయిర్ డ్రయ్యర్ ఇచ్చింది.
తలంటిన జుట్టుకి సాంబ్రాణి పొగ పట్టినట్టు
గొట్టం పొడవునా పట్టాను.
"అటునుంచి కాదు! కుళాయి దగ్గర మొదలుపెట్టి గోడవైపు పో.
కుళాయి విప్పే ఉంచు.
కరిగింది ఎటు పోతుంది మరి, దారి లేకపోతే?"

మోకాళ్ళ మీద కూర్చుని, నావైపు చూడకుండా చెప్పింది,
తన ఇంట్లో ఒకసారి పగిలిందట, అటక మీద.
"గడ్డకట్టిన రోజు చప్పుడే లేదు.
ఎండ వచ్చిన రోజు తెలిసింది.
బియ్యం, పరుపులు, మా ఆయన రైల్వే కోటు.
మేం ఊళ్ళో లేం.
ఆయన ఆసుపత్రిలో."
ఇంకేదో చెప్పబోయి
తువ్వాలు పిండింది.

నలభై నిమిషాలు పట్టింది.
లోపలెక్కడో గుడగుడ.
టీ రంగు నీళ్ళు ఉమ్మి,
వేలెడు మంచుముక్కని సింకులోకి విసిరి
కుళాయి ధారగా పడింది.
"ఆఁ," అంది అవ్వ. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

బడికి ఆలస్యం.
బోర్డు మీద ఇంకా 'ఘన' అని రాస్తుండగానే
వెనక బెంచీ రియోహే:
"టీచర్, రాత్రి నీళ్ళు దించలేదా?"
నా జుట్టు చూసి కనిపెట్టేశాడు.
క్లాసంతా నవ్వు. అందరికీ తెలిసిన పాఠమే,
నాకు తప్ప.

ఇప్పుడు పదింటికి
ముందు కెటిల్ నింపుతాను, తర్వాత ఒక బకెట్.
మీట తిప్పి
వంటింటిది, స్నానాలగదిది, వాషింగ్ మిషన్ వెనకది
అన్నీ విప్పుతాను.
నీరు పల్లమెరుగు.
నేల కింద, చలి చెయ్యి అందని లోతుకి
అడుగులో అడుగేసుకుంటూ దిగిపోతుంది.
కుళాయిలు గాలి పీల్చుకుంటాయి.
మా రెండిళ్ళకీ ఒకటే గోడ.
నాకంటే మూడు నిమిషాల ముందు
అవ్వ కుళాయిలు పీల్చే ఊపిరి వినిపిస్తుంది.
గడియారం చూసుకోవడం మానేశాను.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
గోడ మాట్లాడలేదు.
పది దాటి ఐదు. పది.
కోటు మీద కోటు వేసుకుని పరిగెత్తాను.

వంటింట్లో నిలబడి ఉంది,
మీట ఎదురుగా,
కుడిచేతికి మోచేతిదాకా తెల్లటి కట్టు.
పొద్దున పోస్టాఫీసు మెట్ల మీద జారిందట.
ఎడంచేత్తో ఎంత తిప్పినా
మీట మొండికేసింది.
ఎన్నాళ్ళుగా తెలిసిన మీట!
పిలవొచ్చుగా అనలేదు నేను.
పిలవాలనుకున్నా అని అవ్వా అనలేదు.

తిప్పబోతూ ఆగాను.
"కెటిల్ నింపావా?"

అవ్వ నావైపు చూసిన చూపు
మైనస్ నలభై.