పరిగ

మా అమ్మకు చదువు రాదు.
ఆదివారం చర్చిలో అయ్యగారు చదివింది
సోమవారం చేన్లో సరిచూసుకునేది.

కూడేరు పక్కన ఎర్రనేల.
చెనిక్కాయ పీకి కట్టె ఎత్తినాక
తొలిక పట్టుకోని మట్టి గీకడం మా పని.
తెగి నేల్లోనే ఉండిపోయిన కాయలు
ఎవరివీ కావు,
అందుకే మావి.

ఒక ఆదివారం అయ్యగారు చెప్పినాడు:
మొగుడు పోయిన పరదేశి పిల్లొకతె
అత్తను సాకనీకి
యవల చేన్లో పరిగ ఏరుకుందంట.
ఆ చేని ఆసామి కూలోళ్లను పక్కకు పిలిచి
కావాలనే పిడికెళ్లు జారవిడవమన్నాడంట,
ఆ పిల్లకు తెలీకుండా.

అమ్మ ముసుగులో నవ్వింది.
"యవలంటే ఏందో నాకు తెల్దు గానీ
ఆ ఆసామి మన కుళ్లాయప్పే."

కుళ్లాయప్ప చర్చి గడప తొక్కినోడు కాదు.
గూగూడు పీర్లకు చక్కెర చదివించేవాడు,
శనివారం ఒక్కపొద్దు ఉండేవాడు,
బండి దారి పక్క రెండు సాళ్లు
ఏటేటా పీక్కుండా వదిలేవాడు.
టీచరు ట్రైనింగు చదివేటప్పుడు అడిగినా, ఎందుకని.
నీళ్లెందుకు తాగుతావని అడిగినట్టు
నన్ను వింతగా చూసినాడు.
"మా నాయన వదిలేటోడు మ్మే.
ఆయప్పను నేను అడగలే."

ఆ మీదట నాలుగేండ్లు వాన మొగం చాటేసింది.
మూడు బోర్లు ఎండినాయి,
నాలుగోదాంట్లో దుమ్ము లేసింది.
చేను చేతులు మారింది.
కొత్త ఆసామి లెక్క తెలిసినోడు,
అంచు సాళ్లు కూడా పీకించినాడు.
తప్పనలేం. కాగితం ఆయన పేరు మీదుంది.

ఆ ఏడు పరిగకు సెలవు పెట్టి నేనూ పోయినా.
పదిమందిమి వంగి గీకుతున్నాం.
చేని ఆ చివర
తువ్వాల కండ్ల దాకా చుట్టుకోని
ఒకాయప్ప కూచోనుండాడు.
తొలిక కూడా లేదు, వేళ్లతోనే.
ఆ నేలకు ఆ వేళ్లు కొత్తవి కావు.

ఎవరూ పలకరించలేదు,
పలకరిస్తే లేచిపోతాడని.
దూదేకుల హుసేనమ్మ మొగం అటు తిప్పుకుంది.
అమ్మ మాత్రం తన సాలు వదిలి
ఆయన ముందర సాలు పట్టింది.
కొంగుముడి వదులైందేమో అనుకున్నా.
అడుగడుక్కీ కాయలు రాలుతున్నాయి.
"మ్మా, పోతాండాయి" అన్నా.
నా కాలు తొక్కింది,
గట్టిగా.

వెనక ఎండుమట్టిలో
వేళ్లు ఆగిన చప్పుడు.
చానాసేపటికి
మళ్లీ కదిలిన చప్పుడు.

ఇప్పుడు బళ్లో పిల్లోళ్లకు
పదాలకు అర్థాలు చెప్తా.
పరిగ అనే మాట వస్తే
నిఘంటువులో ఉన్నదే రాస్తా:
కోత అయినాక చేన్లో మిగిలిన గింజ.
సరిపోదని తెలుసు.
బోర్డు తుడిచేటప్పుడు
కాలి బొటనవేలు
ఇంకా సలుపుతాది.