గాజు తలుపుకు ఇవతల

రాత్రి ఒకటిన్నర. తిరుపతి స్టేషన్ ఎదురు సందు.
రెండువందల ఎనిమిదో రూముకు ఎవరో నాలుగొందలన్నారు.
కాదని నొక్కినా.
నాలుగొందల యాభై.
ఆరొందలకు తగ్గొద్దని ఓనరు చీటీ రాసి
కీబోర్డుకు అంటించి పోయినాడు.

తలుపు అవతల, మెట్లమీద
కొత్తగుండు మనిషి, చందనం పెచ్చులుగా ఎండి,
ఒళ్ళో ఇంకో చిన్న గుండు, నిద్రలో.
ఆయన వేలు కదిలినప్పుడల్లా
నా దగ్గర టింగుమంటుంది.

తలుపు తీసి పిలవొచ్చు.
పిలిస్తే మటుకు బోర్డు మీది రేటే చెప్పల్ల:
తొమ్మిదొందలు.

ఐదొందల పది.
బిడ్డను భుజానికెత్తుకుని లేస్తా ఉండాడు.
సరేనని నొక్కినా.

లోపలికొచ్చి సెల్లు చూపించినాడు,
ఇప్పుడే బండి దిగినట్టు.
నేనూ పేరడిగినా, తెలీనట్టు.
పోలినాయుడు, పార్వతీపురం.

దుప్పటికి వంద వేరే అని చెప్పల్ల.
బిడ్డ చెయ్యి జారి వేలాడతా ఉంది.
చెప్పలేదు.