ముప్పై సెకన్లు

కుయోపియో ఊరి చివర మైదానం.
రాత్రి తొమ్మిదైనా ఎండ దిగలేదు.
దోమల్ని తోలుకుంటూ ఏడుగురం
ఒళ్లో అట్టలు పెట్టుకుని కూర్చున్నాం.

"మొహం జోలికి పోకండి" అంది హిల్క్కా టీచర్.
"చెవులూ బూటు లేసులూ రేపు కూడా ఉంటాయి.
మడమ నుంచి వేలి కొస దాకా ఒక్కటే గీత.
ఊపిరి పీల్చి మొదలెట్టి, వదిలేలోపు ఆపేయాలి."

సైనీ పరుగెత్తుకొచ్చింది.
ఈటె చెవి పక్కన. ఎడం మోకాలికి బూడిదరంగు పట్టీ.
నేనింకా పట్టీ మడతలు వేస్తుండగానే
ఈటె అవతల గడ్డిలో దిగి వణుకుతోంది.

నా పక్కన, కాగితం మిల్లులో రిటైరైన ఊర్హో
ఈటెని స్కేలు పెట్టి మరీ గీశాడు.
టీచర్ రబ్బరుతో ఈటెని చెరిపేసింది.
"ఇప్పుడు చూడు. విసురుతోందా, నిలబడి ఉందా?"
నిలబడే ఉంది,
బ్యాంకు క్యూలో ఉన్నట్టు.

పదకొండో విసురుకి కాగితం వైపు చూడటం మానేశాను.
బొగ్గు విరిగింది.
నడుము ఒకచోట, భుజం ఇంకోచోట పడ్డాయి.
తలకాయ అసలు పడనే లేదు.
"ఆఁ, ఇది కదిలింది" అంది హిల్క్కా,
దాని మీద కాఫీ ఒలకబోస్తూ.

క్లాసు అయిపోయింది. అట్టలు సర్దేశారు.
సైనీ ఒక్కతే ఈటె కోసం నడిచి వెళుతోంది
మైదానం ఆ చివరిదాకా, కాస్త కుంటుతూ.
ప్రతి విసురు వెనకా ఇంత నడక ఉందని
ఎవరి బొమ్మలోనూ లేదు.

జేబులోని బస్సు టికెట్టు వెనక
ఆ కుంటు గీసుకోబోయాను.
ముప్పై సెకన్లు చాల్లేదు.