రిజర్వు

తండయార్‌పేటలో మా మేడ మీద నిలబడితే
రాత్రిపూట మణలి మంట కనబడుతుంది.
పొడుగాటి గొట్టం చివర
ఎవరూ ఊదకుండానే మండే పొయ్యి.
అంటే పెట్రోలు మా పక్కింట్లోనే పుడుతోందన్నమాట.
చెంబు పట్టుకెళ్ళి
పాలు పోయించుకున్నట్టు తెచ్చుకోలేను, అంతే.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను.
పాత టీవీఎస్ బండి, ముందు చెక్కపెట్టె,
పెట్టెలో సూదులు, బెల్టులు, బాబిన్ కేసులు.
వ్యాసర్‌పాడి, పెరంబూరు, కొళత్తూరు,
సూది విరిగిన చోటికల్లా నేను పోవాలి,
నేను పోవాలంటే అది తాగాలి.

బంకులో మీటరు మీద రెండు అంకెలు పరిగెడతాయి,
పైన రూపాయలు, కింద లీటర్లు.
పందెం మొదలవకముందే గెలిచేదెవరో తెలుసు.
"సున్నా చూసుకో అణ్ణా" అంటుంది తమిళ్‌సెల్వి.
చూస్తాను.
ఈ మొత్తం యవ్వారంలో ధర మారనిది
ఆ సున్నా ఒక్కటే.

ఎందుకు పెరిగిందంటే
ఒక్కొక్కరి జేబులో ఒక్కో కారణం ఉంది.
హార్బర్లో క్రేను నడిపే ఏసుపాదం
ఎక్కడో సముద్రం సన్నబడే చోట
యుద్ధానికి భయపడి ఓడలు ఆగినాయంటాడు.
చీటీల శేషాచలం రూపాయి చిక్కిపోయిందంటాడు,
తన రూపాయి కానట్టు.
తమిళ్‌సెల్వి గొట్టం తగిలిస్తూ
"ఢిల్లీకి కొంత, కోటకి కొంత, నాకు జీతం మాత్రం అంతే" అంటుంది.
మా సుగుణ మాత్రం
"నువ్వా డొక్కుబండిని వదలవు, అదీ" అని
ఉల్లిపాయ తరుగుతుంది.
అందరూ చెప్పేదీ నిజమే అయ్యుంటుంది.
ఇన్ని నిజాలూ కలిపి ట్యాంకులో పోసినా
మూలకడై దాకా కూడా పోదు బండి.

కాబట్టి
బేసిన్ బ్రిడ్జి దిగేటప్పుడు ఇంజను ఆపేస్తాను.
తప్పే. సుగుణకి చెప్పలేదు.
చెవుల్లో గాలి తప్ప ఇంకేం ఉండదు.
ఆ అర నిమిషం నేనెవరికీ బాకీ లేను.

కొళత్తూరు గిరాకీలన్నీ గురువారానికి కట్టగట్టాను.
బుధవారం ఆగిపోయిన మిషను
ఒక రాత్రంతా ఓర్చుకోవాలి.
మిషన్లో వేసే నూనె సీసా కూడా పెరిగింది,
చుక్క చుక్కే వేస్తాను,
అదీ ఆ వంశంలో పుట్టిందే కదా.

పోయిన నెల వ్యాసర్‌పాడి రంగనాయకి దగ్గర
పది రూపాయలు ఎక్కువడిగాను.
మాట బయటపడేలోపు గొంతులో రెండుసార్లు దారం తెగింది.
ఏమీ అనకుండా ఇచ్చింది.
వారం తిరక్కుండా మా పాప పావడా అంచు విప్పించడానికి పోతే
తనూ పది ఎక్కువ చెప్పింది.
"దారపుండలు లారీలోనే కదా వస్తాయి?"
తీసిచ్చాను.
మూల చిరిగి, టేపు అతికించిన నోటు.
ఆమె దాన్ని చూసింది, నేను ఆమెని చూశాను,
ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.
ఆ టేపు వేసింది ఆమే.

నిన్న రాత్రి తిరువొత్తియూరు హైరోడ్డు మీద
రిజర్వు కూడా అయిపోయింది.
పాపని దింపి బండిని పక్కకి వంచాను,
చెవిలో నీళ్ళు పోయిన పిల్లని వంచినట్టు.
ట్యాంకు మూలలో నక్కిన నాలుగు చుక్కలు
ఇటు జారిన చప్పుడు.
లారీల మధ్య, దూరంగా, మణలి మంట.
"అక్కడ ఊరికే ఎందుకు తగలబెడతన్నారు నాన్నా?"
తెలీదు. ఏసుపాదాన్ని అడగాలి.
వాడి దగ్గర దానికీ ఒక ఓడ ఉంటుంది.

కిక్కు కొట్టాను. దగ్గింది.
మళ్ళీ కొట్టాను. పట్టుకుంది.
"ఎక్కు, ఎక్కు, మాట్లాడకు" అన్నాను,
మాటలక్కూడా పెట్రోలు ఖర్చయ్యేటట్టు.