మిగిలిన ఇరవై

కోక్-బెల్ కనుమ మీద మా ప్రసారపు గది.
ఒక తలుపు, ఒక కిటికీ, ఒక యాంప్లిఫయర్.
దాని అల్యూమినియం రెక్కల మీద
సాగింబాయ్ తాత కురుత్ ఆరబెట్టేవాడు,
గోళీలంత పుల్లటి పెరుగు ఉండలు.
వాటి పక్కనే తన ఉన్ని బూట్లు.
ప్రసారం మొదలైతే గదంతా
పులిసిన పెరుగు, తడిసిన గొర్రె, కాలిన దుమ్ము.

"మంచి యంత్రం," అనేవాడు. "వెచ్చగా ఉంటుంది."

నేను మీటరు పట్టుకుని వచ్చాను.
బ్యాటరీల నుంచి అది తాగేది ఏడొందల యాభై వాట్లు.
ఆకాశానికి ఇచ్చేది మూడొందలు.
మిగతాది తాత బూట్లకి.

జనవరిలో వాగు గడ్డకడుతుంది, టర్బైను ఆగుతుంది.
సూర్యుడు ఆ కొండ మీంచి ఈ కొండకి
అయిదు గంటల్లో దాటేస్తాడు.
రాత్రి పదింటికల్లా బ్యాటరీలు చేతులెత్తేస్తాయి.
మంచు మాత్రం వేళ చూసుకుని జారదు.
పోయినేడు తెల్లవారుజామున మూడింటికి జారింది.
బిష్కెక్ నుంచి హెచ్చరిక ఒంటిగంటకే వచ్చింది.
చెప్పడానికి మాకు నోరు లేదు.
తొలొగొన్ మందలో నూట పదకొండు గొర్రెలు,
తొలొగొన్ చేతికి రెండు వేళ్ళు.

కాగితం మీద లెక్క చిన్నదే.
ట్రాన్సిస్టర్ ఒక గుమ్మం.
వోల్టేజీ, కరెంటూ
ఒకే క్షణాన ఆ గుమ్మంలో ఎదురుపడితే
పుట్టేది వేడి.
మా అమ్మమ్మ కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో
మామగారి దగ్గు వినబడగానే
గుడారం పక్క తెర ఎత్తి తప్పుకునేదట.
ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద
ఒకరి దారికి ఒకరు అడ్డం రాలేదు.
ఆమె నేర్పు నాకు కావాలి,
సెకనుకి పది కోట్ల సార్లు.

అందుకే ఆ రాగి తీగ, నాలుగు చుట్లు.
చుట్లు దగ్గరికి నొక్కితే నలభై ఆరు శాతం.
వెంట్రుకవాసి విడదీస్తే యాభై తొమ్మిది.
ఇంకాస్త ఆశపడితే టప్పుమని శబ్దం,
మూడు వారాల జీతం పొగై చూరు పట్టుకుంది.
చేతి తొడుగులు తీస్తే వేళ్ళు వంగవు,
తొడుక్కుంటే తీగ వంగదు.
పదకొండు రాత్రులు.

పన్నెండో రాత్రి మీటరు ముల్లు
పాలు తాగి ఒదిగిన దూడలా కిందికి వాలింది.
బయటికి వెళ్ళే మూడొందలూ మూడొందలే.
లోపలికి వచ్చేది మూడొందల డెబ్బై అయిదు.
ఎనభై శాతం! ఎవరికి చెప్పను?
తాతకి చెప్పాను.

తాత అరచెయ్యి రెక్కల మీద పెట్టాడు.
తిప్పి, చేతి వెనకవైపు పెట్టాడు.
"చచ్చిపోయిందా?"
"లేదు, బాగుపడింది."
"బాగుపడితే ఇంత చల్లగానా."

వారమంతా నాతో మాట్లాడలేదు.
పిడకల పొయ్యి తెచ్చి మూలన పెట్టుకుని
పొగంతా నా వైపే ఊదాడు.
నిజం చెప్పాలంటే నాకూ చలేసింది.
పాత వేడిని నివేదికలో వృథా అని రాశాను.
ఆ వృథాలో ఒక ముసలాయన
ఇరవై చలికాలాలు నిద్రపోయాడు.
నా పట్టికలో ఆ గడి లేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, పన్నెండున్నరకి ఫోన్ మోగింది.
బ్యాటరీలు ఇంకా బతికే ఉన్నాయి.
వార్తలు చదివే బురుల్చా కింద ఊళ్ళో, జ్వరంతో.
మైకు తాత ముందుకి జరిపాను.
చదవడం రాదన్నాడు.
చదవొద్దు, పిలువు అన్నాను.
ఒక్కో కాపరినీ పేరు పెట్టి పిలిచాడు,
తండ్రి పేరుతో, మరిచిపోతే కుక్క పేరుతో.
తొలొగొన్‌ని రెండుసార్లు.
మూడు దాటాక బ్యాటరీలు ఆగిపోయాయి.
తెలియక చీకట్లోకి ఇంకో ఇద్దర్ని పిలిచాడు.

ఆ రాత్రి మంచు జారలేదు.
కాపరులు మమ్మల్ని తిట్టుకుంటూ
మందల్ని మళ్ళీ పైకి తోలుకెళ్ళారు.

పొద్దెక్కి, ప్రసారం మళ్ళీ మొదలయ్యాక చూస్తే
రెక్కల మీద, సరిగ్గా ట్రాన్సిస్టర్ ఉన్న చోట
ఒకే ఒక్క కురుత్ ఉండ.
తీసి పట్టుకున్నాను. ఒకవైపే వెచ్చగా ఉంది,
గొర్రెపిల్ల చెవిలా.
"నీ మిగిలిన ఇరవై," అన్నాడు పొయ్యి ఊదుతూ.
"ఆరడానికి వారం పట్టేట్టుంది."