పచ్చ ఊలు

కొళత్తూరు చేపల వీధిలో సెల్వమణి
సంచీలోకి గాలి పట్టి, రబ్బరు బిగిస్తూ
తన అరవ తెలుగులో అన్నాడు:
"అసలు వంశం అక్కా ఇది. వేరే జాతితో కలిపితే
పిల్లలు పుడతాయి, పేరు పోతుంది."

ఆరు చేపలు. తోమని వెండి గ్లాసు రంగు.
దీన్నా ఇంద్రధనుస్సు అంటారని దయాకర్ నవ్వాడు.

వాటి ఊరు పాపువాలో ఒక సరస్సు, అయామారు.
తిరువాన్మియూరు పక్క బస్టాపులా వినిపిస్తుంది గాని
చాలా దూరం. అక్కడ నీళ్ళు ఏటేటా
ఒడ్డుని వదిలి లోపలికి జరుగుతున్నాయట.

మా బోరు నీళ్ళని నేను తిట్టని రోజు లేదు.
గిన్నెల అడుగున సున్నం, కుళాయికి తెల్ల గడ్డం,
దువ్వెన నిండా నా జుట్టు.
పరీక్ష కాగితం ముంచి రంగు సరిపోల్చి చూస్తే
వాటి సరస్సుదీ ఇదే నీరు, ఇంతే సున్నం.
క్యాన్లు కొని తాగేది మేమే.
వాటికి ఈ బోరు పుట్టిల్లు.

మూడో నెలలో ఒక పొద్దున రంగు వచ్చింది.
తల వైపు నేరేడు, తోక వైపు నిప్పు.
నుదుటి గీతని వెలిగిస్తూ ఆర్పుతూ మగది
నన్నసలు లెక్కచేయలేదు.

గుడ్లు అంటుకోడానికి నాచు లాంటిదేదో కావాలి.
అత్తయ్య బీరువాలోంచి స్వెట్టర్ తీసింది.
ఊటీ కోసం అల్లింది, ఊటీ ఎప్పుడూ వెళ్ళలేదు.
కొస పట్టుకుని తనే విప్పింది, వరస తర్వాత వరస,
మాట్లాడకుండా.
ఆ పచ్చ ఊలు కుచ్చుకి బెండు కట్టి నీళ్ళలో వేలాడదీశాం.

తుఫాను రాత్రి కరెంటు పోయింది. పదకొండు గంటలు.
గాలి మోటారు మూగబోయింది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.
గ్లాసుతో ముంచి ఎత్తునుంచి పోశాను,
ముంచి పోశాను, డబరాలోకి కాఫీ తిరగబోసినట్టు.
మూడింటికి నా భుజం పడిపోతే
నవ్విన మనిషే గ్లాసు అందుకున్నాడు.

తెల్లారేసరికి నాలుగు మిగిలాయి.
రెండింటిని కరివేపాకు కుండీలో పూడ్చాను.

పై ఇంటి యాళిని అడిగింది: "రెట్టేరిలో వదిలేయొచ్చుగా?"
వదలకూడదే. అది వీటి చెరువు కాదు.
"మరి వీటి చెరువుకి ఎప్పుడు పంపుతారు?"
నా చేతిలో ఊలు కుచ్చు ఉంది,
వెలుతురుకి ఎత్తి చూస్తున్నాను.
ఆవగింజలో సగం, గాజుపూసలు, ఏడు.
మర్చిపోకుండా క్యాలెండర్ మీద ఏడు చుక్కలు పెట్టాను.

నెలాఖరున పాలవాడు వాటిని నాగాలనుకుని
ఏడు రోజుల డబ్బు తగ్గించాడు.
రెండిటి వరకు నిజమే.
ఐదు ఈదుతున్నాయి.