కారణం అనే గడి

షెఫీల్డ్‌లో వాన.
నా స్క్రీన్ మీద మాత్రం మస్కట్, ఆ తర్వాత అమ్మాన్,
వెంట పద్నాలుగు కిలోల వాల్వుల పెట్టె.

శుక్రవారం మీటింగు పెట్టమన్నాడు కాలిన్.
ఆదివారానికి జరిపాను.
"ఆదివారం పనా!" అని మొహం ముడుచుకున్నాడు,
చర్చి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో మరి.

"సరే, పండగెప్పుడు? తేదీ చెప్పు."
చంద్రుడు కనబడితే గురువారం,
లేకుంటే శుక్రవారం.
"ఎవరు తేలుస్తారు?"
చంద్రుడే.

తగులూ మిగులూ తిథుల మధ్య పెరిగినదాన్ని,
నాకిది వింత కాదు.
తేదీ మార్చుకునే టికెట్టే కొన్నాను,
తొంభై పౌన్లు ఎక్కువ.
ఖర్చుల ఫారంలో కారణం అనే గడి ఉంటుంది.
నెలవంక, అని రాశాను.

అకౌంట్స్ నించి గ్వెన్ ఫోను.
తిట్టడానికే అనుకున్నాను.
"ఇక్కడంతా మబ్బు.
అక్కడ కనబడిందా?"